‘ఎందుకైనా మంచిది’ బరువెన్ని కిలోలు?

మా ఇంట్లో ప్రయాణమంటే రెండు సర్దుళ్లు. మొదటిది నాది. రాత్రి భోజనాలయ్యాక అరగంటలో అయిపోతుంది. రెండోది మా అమ్మది. నేను నిద్రపోయాక మొదలవుతుంది. తెల్లారి సంచి ఎత్తగానే భుజానికి తేడా తెలిసిపోతుంది.

“ఏం పెట్టావమ్మా?”

“ఏం లేదురా. స్వెట్టరు, పల్చటి దుప్పటి, చిన్న డబ్బాలో జంతికలు. ఎందుకైనా మంచిది.”

“మే నెల్లో చెన్నై వెళ్తున్నానమ్మా!”

“రైల్లో ఏసీ ఉంటుందిగా.”

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాను, కొన్నిసార్లు మూడేసి నెలలు ఇల్లు చూడకుండా. ఎన్నిసార్లు తూచినా సంచిలో అన్నిటికంటే ఎక్కువ తూగేది ఆ ‘ఎందుకైనా మంచిది’ అనే రెండు మాటలే. వాటిని వదిలించుకున్నవాళ్లూ, వదిలించుకోలేనివాళ్లూ చరిత్రలో చాలామంది ఉన్నారు. వాళ్ల సంగతులు కొన్ని, మధ్యలో కొన్ని లెక్కలు.

వందమందితో కాశీకి

తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా చెప్పుకునే ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామి ఏమాత్రం తేలిగ్గా వెళ్లినవాడు కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఆయన. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పదిహేనున్నర నెలలు. వెంట కుటుంబం, పరివారం, పల్లకీ బోయీలు అంతా కలిపి వందమంది దాకా. డేరాలు సహా ఒక చిన్న ఊరే కదిలి వెళ్లిందనుకోవచ్చు. దారి పొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి రాసిన ఉత్తరాలే 1838లో పుస్తకమయ్యాయి.

ఆయన్ని తప్పుపట్టలేం. దారిలో హోటలు లేదు, రైలు లేదు. రాత్రి పడుకోవాలంటే డేరా మనమే మోయాలి. మరి ఇవాళ? కాశీలో మీరు దిగిన సందు మొదట్లోనే టూత్‌పేస్టు, తువ్వాలు, ఫోన్ చార్జరు, గొడుగు అన్నీ దొరుకుతాయి. అయినా మనం డేరాల కాలంలో లాగే సర్దుతాం.

నా మొదటి కాశీ ప్రయాణమే సాక్ష్యం. 22 కిలోల సూట్‌కేసు. గోదౌలియా కూడలి దగ్గర ఆటో ఆగిపోయింది, అక్కణ్నుంచి నడకే. ఆ సందుల్లో రాతిపలకలు, మెట్లు, తడి, నింపాదిగా అడ్డం నిలబడే ఆవులు. మూడో మలుపులో చక్రం ఊడి కాలవలోకి దొర్లింది. మిగతా దారంతా దాన్ని నెత్తిన పెట్టుకుని నడిచాను. కాశీ వెళ్తే ఇష్టమైనదొకటి వదిలిరావాలంటారు. చాలామంది తెలివిగా కాకరకాయ వదిలేస్తారు. నేను ఆ సూట్‌కేసు వదిలేశాను. సత్రం కాపలాదారుకి ఇచ్చేసి, బజార్లో రెండు గుడ్డసంచులు కొని సామాను మార్చాను. మార్చేటప్పుడు చూస్తే నెలన్నర తిరిగినా మడత నలగని జతలు ఐదు. ఒక ఇస్త్రీపెట్టె కూడా. దాని వైరు చుట్టిన చుట్ట చుట్టినట్టే ఉంది.

రెండు చొక్కాలు, ఇరవై వేల పౌండ్లు

జూల్స్ వెర్న్ నవలలో ఎనభై రోజుల్లో భూమి చుట్టిన ఫిలియాస్ ఫాగ్ నౌకరుకి చెప్పిన సర్దుడు చాలా చిన్నది. చేతిసంచిలో రెండు చొక్కాలు, మూడు జతల మేజోళ్లు, మిగతా బట్టలు దారిలో కొనుక్కుందాం అంటాడు. నిజమే, కానీ అదే సంచిలో 20,000 పౌండ్ల నోట్లు కూడా పెట్టాడు. అంత డబ్బుంటే ఎవరైనా తేలిగ్గానే వెళ్తారు.

నిజంగా చేసి చూపించింది నెల్లీ బ్లై. న్యూయార్క్ ‘వరల్డ్’ పత్రిక విలేకరి, వయసు పాతికేళ్లు. 1889 నవంబరు 14న ఓడెక్కింది. ఒంటిమీద నీలం గౌను, పైన గళ్ల ఓవర్‌కోటు. చేతిలో ఒకే సంచి. 16 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు. అందులో రెండు టోపీలు, మూడు మేలిముసుగులు, చెప్పులు, సిరాబుడ్డి, కలాలు, కాగితాలు, సూదీ దారం, లోదుస్తులు, చేతిరుమాళ్లు, నీళ్లు తాగే గిన్నె, ఒక పల్చటి కోటు. ఇన్ని పట్టిన ఆ సంచిలో ఆమె ప్రాణం తీసింది ఒక్కటే, కోల్డ్ క్రీం సీసా. మిగతా అన్నిటికన్నా అదే ఎక్కువ చోటు తినేదట. మూత పడాలంటే ముందు దాని సంగతి చూడాల్సి వచ్చేది.

కొలంబోలో ఓడ కోసం ఐదు రోజులు కూర్చుంది. సింగపూర్‌లో ఒక కోతిని కొంది (అది సంచిలో పెట్టే సామాను కాదు గనక లెక్కలోకి రాదు). హాంకాంగ్‌లో పెద్దల విందుకి పిలిస్తే తగిన గౌను లేక వెళ్లలేకపోయింది. 72 రోజుల 6 గంటల 11 నిమిషాల్లో ఇల్లు చేరింది. రెండున్నర నెలల్లో ఒకే ఒక్క విందు పోయింది. ఆ ఒక్క విందు కోసం పెట్టె నిండా పట్టుగౌన్లు మోసి ఉంటే ఎన్ని ఓడలు తప్పిపోయేవో!

వారం దాటితే లెక్క మారదు

పదిరోజుల ప్రయాణానికీ పది నెలల ప్రయాణానికీ పట్టే బట్టలు ఒక్కటే అంటే మా బంధువులెవరూ నమ్మరు. ఆలోచించండి. ఎనిమిదోరోజు మీరు ఎలాగూ బట్టలు ఉతకాలి. ఉతకడం మొదలయ్యాక రెండోవారం, ఇరవయ్యోవారం రెండూ సమానమే. కనక సర్దాల్సింది ప్రయాణం పొడుగుని చూసి కాదు, ఉతుకుడికీ ఉతుకుడికీ మధ్య ఎన్ని రోజులో చూసి. నావి నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు. నాలుగు నెలలకీ అంతే.

అసలు చిక్కు ఉతకడంలో కాదు, ఆరడంలో వస్తుంది. జీన్స్ ప్యాంటు అందుకే పనికిరాదు. మా ఇంటి కాటా మీద నాది 650 గ్రాములు, తడిస్తే వానాకాలంలో రెండు రోజులకీ నడుం పట్టీ దగ్గర చెమ్మగానే ఉంటుంది. పొద్దున్నే రైలుంటే రాత్రి ఉతికిన చొక్కా ఆరడానికి ఒక కిటుకు. చేత్తో పిండాక పొడి తువ్వాలు మంచం మీద పరవండి. దానిమీద చొక్కా చేతులు లోపలికి మడిచి పరవండి. రెండూ కలిపి చాపలా గట్టిగా చుట్టండి. ఆ చుట్టని ఒక కొస కాలికింద తొక్కిపట్టి, రెండో కొస మెలితిప్పండి. తువ్వాలు బరువెక్కుతుంది, చొక్కా చెమ్మగా మాత్రం మిగులుతుంది. ఫ్యాను కింద మూడు గంటలు చాలు. తాడు కావాలా? రెండు పేటలు గట్టిగా పురిపెట్టిన తాడైతే క్లిప్పులు కూడా అక్కర్లేదు. పురిలో బట్ట అంచు దోపితే జారదు.

ఈ పనికి దుకాణాల్లో మెత్తగా మెరిసే టర్కీ తువ్వాళ్లు దండగ. వాటి ఉంగరాల పోగులు నీళ్లు పట్టేస్తాయి, వదలవు. మన నేత తుండు, తెలంగాణలో తువ్వాల అనండి, పల్చగా ఉంటుంది గనక తొందరగా ఆరుతుంది. ఒళ్లు తుడుచుకోవచ్చు, ఎండకి తలపాగా చుట్టొచ్చు, బస్సులో కిటికీకి కట్టొచ్చు, రైల్లో దిండుకింద పరవొచ్చు, బజార్లో జామకాయలు మూటగట్టొచ్చు. పర్యాటక సామాను అమ్మేవాళ్లు ‘ట్రావెల్ టవల్’ అని వెయ్యి రూపాయలకి అమ్మేది దీని పేద చుట్టాన్నే.

మూతే గ్లాసు

మన తాతల కాలంలో ప్రయాణానికి ఇత్తడి మరచెంబు ఉండేది. మర తిప్పితే మూత బిగుసుకుంటుంది, బండి ఎంత కుదిపినా చుక్క ఒలకదు. మా తాత దాని మూతనే గ్లాసుగా వాడేవాడు. ఒక వస్తువు రెండు పనులు చెయ్యడమంటే అది. ప్లాస్టిక్ సీసా వచ్చాక అటకెక్కింది. ఇప్పుడు షోకేసుల్లో పూలు పెట్టుకుంటున్నారు.

ఎనిమిది వస్తువుల మనిషి

తొట్లకొండ మీదో నాగార్జునకొండలోనో బౌద్ధవిహారాల చిన్న చిన్న గదులు చూసి, ఇందులో మనిషి ఎలా పట్టేవాడని అనుకున్నారా? మనిషి పట్టేవాడు, ఎందుకంటే సామాను లేదు. బౌద్ధభిక్షువుకి అనుమతించిన వస్తువులు ఎనిమిది. చీవరాలు (ఒంటికి కట్టుకునే గుడ్డలు) మూడు, భిక్షాపాత్ర, మొలతాడు, మంగలికత్తి, సూది, నీళ్లు వడకట్టే గుడ్డ. వానాకాలం మూడు నెలలు ఒకచోట ఉండాలి, మిగతా కాలం నడకే.

ఈ జాబితాలో నాకు ముచ్చటేసేది సూది. తక్కువ బట్టలున్నవాడికి చిరుగు కుట్టుకోవడం తప్పదు కదా. చీవరం కూడా నిండుగుడ్డ కాదు, ముక్కలు కోసి కుట్టినది. మగధలో వరిమడుల గట్లు చూసి ఆ నమూనాలో కుట్టమని బుద్ధుడు ఆనందుడితో చెప్పాడంటారు. ముక్కలు చేసిన గుడ్డకి బజార్లో వెల ఉండదు, దొంగలకీ ఆశ పుట్టదు. ఖరీదైన బ్యాగు భుజాన వేసుకుని రాత్రి స్టేషన్లో కళ్లు మూతపడకుండా కూర్చున్నవాడికి ఆ సుఖం అర్థమవుతుంది. ఇక వడకట్టే గుడ్డ. అది నీళ్లలోని సన్నటి పురుగులు చచ్చిపోకుండా. మన నీళ్ల ఫిల్టరు మనల్ని కాపాడటానికి, వాళ్లది పురుగుల్ని కాపాడటానికి.

దిగంబర జైనముని దీన్ని ఇంకా కిందికి దించాడు. నెమలి ఈకల పింఛి, కమండలం. బట్టల సమస్యే లేదు.

ఇరుముడి ఎలా సర్దుతారు?

ఏటా కార్తికంలో మన ఊళ్లన్నీ నల్లబట్టల స్వాములతో నిండిపోతాయి. దీక్ష 41 రోజులు, తర్వాత శబరిమల. నెత్తిన ఇరుముడి. పేరులోనే ఉంది, రెండు ముడులు. ముందరి ముడిలో దేవుడి సామాను, నెయ్యి నింపిన కొబ్బరికాయ, పూజద్రవ్యాలు. వెనక ముడిలో మనిషి సామాను, దారిలో తినడానికి. తలమీద పెట్టుకుంటే ఒకటి నుదుటివైపు, ఒకటి మెడవైపు, రెండూ సరితూగుతాయి. ఇది లేకుండా పదునెట్టాంబడి, అంటే ఆ పద్దెనిమిది మెట్లు, ఎక్కనివ్వరు.

సామాను సర్దే విద్యలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు నేను చూడలేదు. దారిలో ఖర్చయ్యేది ఒకవైపు, గమ్యంలో ఇవ్వాల్సింది మరోవైపు. రెండూ కలవవు. తిరిగొచ్చేటప్పటికి మిగిలేది ప్రసాదమే. మన సూట్‌కేసుల్లో తిరిగొచ్చేటప్పుడే బరువు పెరుగుతుంది.

దీని గురించి విమానాశ్రయాల్లో ఒక తకరారు ఉండేది. చేతిసంచిలో కొబ్బరికాయ నిషిద్ధం. ఇరుముడిని పెట్టెలో వేసి కన్వేయర్ మీద పంపడానికి ఏ స్వామికి మనసొప్పుతుంది? మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్‌నాయుడు పౌర విమానయాన మంత్రిగా ఉండగా 2024 అక్టోబరులో దానికి సడలింపు వచ్చింది. ఆ మండల మకరవిళక్కు యాత్రాకాలానికి, 2025 జనవరి 20 వరకు, తనిఖీ చేసి చేతిలోనే తీసుకెళ్లనిచ్చారు.

కొబ్బరి మీద అంత అనుమానమెందుకు? పచ్చికాయ మాటేమో గాని, ఎండుకొబ్బరి ప్రమాదకర వస్తువుల అంతర్జాతీయ జాబితాలో ఉంది, నంబరు యూఎన్ 1363. అందులో నూనె గాలి తగిలి నెమ్మదిగా వేడెక్కుతుంది. గుట్టగా పోసి ఉంటే తనంత తానే అంటుకోవచ్చు. పచ్చట్లోకని అమ్మ పొట్లం కట్టిచ్చే కుడకలు ఇంత గండమైనవని ఎవరనుకుంటారు!

23 కిలోల పరీక్ష

అమెరికా వెళ్లే కుర్రాడున్న ఇంట్లో ఆఖరి రాత్రి చూశారా? మావయ్య బాత్‌రూం కాటా మీద పెట్టె పట్టుకుని నిలబడతాడు. తర్వాత పెట్టె లేకుండా నిలబడతాడు. అత్తయ్య తీసివేత చేస్తుంది. 24.6! పెట్టె తెరుచుకుంటుంది. ముందు బయటికొచ్చేది పుస్తకాలు. తర్వాత బూట్లు. ఆవకాయ మాత్రం కదలదు.

చాలా విమానసంస్థలు ఒక్కో పెట్టెకి పెట్టే ఆ 23 కిలోల హద్దు 50 పౌండ్లకి దగ్గరి అంకె. ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే చాలాచోట్ల డబ్బిస్తామన్నా తీసుకోరు. అది విమానం కోసం కాదు, ఆ పెట్టెలెత్తే కార్మికుల నడుముల కోసం పెట్టిన హద్దు.

చేతిసంచిలో 100 మిల్లీలీటర్ల నియమం 2006 ఆగస్టులో లండన్ నుంచి వెళ్లే విమానాల మీద ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక వచ్చింది. దాని దెబ్బ ఎక్కడో పడాల్సింది మన ఊరగాయ మీద పడింది. నూనె తేలే సీసా చేతిసంచిలో దాటదు. పొడులతో దాటేద్దామనుకుంటే దానికీ ఒక అంకె ఉంది. 2018 జూన్ 30 నుంచి అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్లు, అంటే కూల్‌డ్రింకు డబ్బా అంత, దాటిన పొడికి విడిగా తనిఖీ. అదేమిటో తేల్చలేకపోతే లోపలికి రానివ్వరు. కందిపొడో సున్నిపిండో అధికారికి వివరించడం కన్నా కిందికెళ్లే పెట్టెలో వేసుకోవడం సుఖం.

పవర్ బ్యాంకు దీనికి సరిగ్గా తలకిందులు. అది కింది పెట్టెలో ఉండకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. లిథియం బ్యాటరీ క్యాబిన్‌లో పొగలుగక్కితే ఆర్పడానికి మనుషులుంటారు, సామాన్ల అరలో ఎవరుంటారు? మామూలు హద్దు 100 వాట్ అవర్లు. ఆ అంకె డబ్బామీద లేకపోతే, మిల్లీ ఆంపియర్ అవర్లని 1,000తో భాగించి 3.7తో గుణించండి. 20,000 అయితే 74 వస్తుంది. 27,000 దాకా సరే.

గాలి తీస్తే బరువు తగ్గుతుందా?

బట్టలు సంచిలో పెట్టి గాలి లాగేసే ప్లాస్టిక్ కవర్లు ఈ మధ్య అందరి దగ్గరా కనిపిస్తున్నాయి. ఇవి చేసే మోసం ఒకటుంది. పరిమాణం తగ్గుతుంది, బరువు తగ్గదు. మిగిలిన చోట ఇంకో రెండు జతలు పెడతాం. పెట్టె మూత సులువుగా పడుతుంది, కాటా మీద ముల్లు మాత్రం నవ్వుతుంది. దూది కోటు లాంటి ఉబ్బు బట్టలకే అవి పనికొస్తాయి.

చక్రాల కథా ఇలాంటిదే. చంద్రుడిమీద మనిషి కాలుపెట్టాకే సూట్‌కేసుకి చక్రాలు నిలిచాయి. అమెరికాలో బెర్నార్డ్ సాడో 1970లో ఆ ఊహతో దుకాణాల చుట్టూ తిరిగితే చాలామంది పొమ్మన్నారు, మగవాడు పెట్టె ఈడ్చుకుంటూ నడుస్తాడా అని. 1972లో పేటెంటు వచ్చింది. అది పట్టీతో లాగే నాలుగు చక్రాల పెట్టె. నిలువు హ్యాండిల్‌తో రెండు చక్రాలదాన్ని 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ తయారుచేశాడు. అప్పట్నుంచీ బరువు మన చేతికి తెలియడం మానేసింది. మన దేశంలో విమానం లోపలికి మామూలుగా 7 కిలోలు. చక్రాలూ హ్యాండిలూ ఉన్న చిన్న ట్రాలీ ఖాళీదే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. కోటాలో మూడోవంతుకి పైగా పెట్టెదే!

కావడి ఊగడం ఎందుకు?

వెదురుబద్ద కావడి మోసేవాడిని వెనకనుంచి చూస్తే కుండలు పైకీ కిందికీ ఊగుతుంటాయి, భుజం మాత్రం నిలకడగా సాగిపోతుంది. 1991లో ఒక పరిశోధకుడు ఇలా ఊగే బద్దలతో బరువు మోయించి కొలిచాడు. ఒంట్లో ఖర్చయ్యే శక్తి తగ్గలేదుగానీ, అడుగడుగునా భుజంమీద పడే పోటు బాగా తగ్గింది. గట్టి దుంగ అయితే ప్రతి అడుగుకీ భుజాన్ని గుద్దుతుంది. వెదురు ఆ గుద్దుని తను మింగుతుంది.

మోతలో ఇంకా వింతలున్నాయి. కెన్యాలో లువో, కికుయు స్త్రీలు తమ బరువులో అయిదోవంతు దాకా నెత్తిన పెట్టుకున్నా అదనపు శక్తి ఖర్చు లేకుండా నడుస్తారని 1986లో కొలిచి చెప్పారు. నేపాల్ కూలీలు నుదుటిపట్టీతో వీపున వేసుకుని ఎవరెస్టు దారిలో నామ్చే సంతకి సామాను చేరుస్తారు. 2005లో తూచితే మగవాళ్ల మోత సగటున వాళ్ల ఒంటిబరువులో 93 శాతం. మెల్లగా నడుస్తారు, మాటిమాటికీ ఆగుతారు. వాళ్లకి అది బతుకుతెరువు. మనం మన ఇస్త్రీపెట్టెలు వాళ్లచేత మోయిస్తాం.

అలిపిరి మెట్లెక్కేవాళ్లకి ఆ బాధ లేదు. కింద కౌంటర్లో సంచి ఇస్తే దేవస్థానం వాళ్లే ఉచితంగా కొండమీదికి చేరుస్తారు. 3,550 మెట్లూ చేతులూపుకుంటూ ఎక్కొచ్చు.

అవ్వ సంచి

ఒహాయో రాష్ట్రపు ఎమ్మా గేట్‌వుడ్ 1955 మేలో పిల్లలతో కాస్త నడిచొస్తానని చెప్పి వెళ్లింది. వయసు 67. పదకొండుమంది పిల్లల తల్లి. నడిచింది అపలేచియన్ కొండదారి, జార్జియా నుంచి మెయిన్ దాకా 3,300 కిలోమీటర్లకి దగ్గర. సెప్టెంబరు 25న ముగించింది. ఆ దారిని ఒక్క ఊపులో ఒంటరిగా నడిచిన తొలి స్త్రీ ఆమె. డేరా లేదు, నిద్రసంచి లేదు. జీన్స్ గుడ్డతో తను కుట్టుకున్న జోలె, అందులో ఒక దుప్పటి, వానకోటు, స్నానాలగది ప్లాస్టిక్ తెర. వానొస్తే ఆ తెరే కప్పు. కాళ్లకి మామూలు గుడ్డబూట్లు.

ఆ గుడ్డబూట్లని తేలిగ్గా తీసుకోకండి. కాలికున్న కిలో బరువు, ఒంటిమీద మోసే కిలో కన్నా నాలుగు నుంచి ఆరు రెట్లు అలుపు తెస్తుందని కొలిచినవాళ్లు చెప్తారు. ప్రతి అడుగులోనూ దాన్ని ఎత్తి, ఊపి, ఆపాలి మరి. కొండలెక్కబోతున్నామని దుక్కల్లాంటి బూట్లు కొని, మర్నాడు చార్‌మినార్ చుట్టూ వాటితో తిరిగేవాళ్లని చూస్తే నాకు అవ్వ గుర్తొస్తుంది. ఇవాళ తేలికనడక వాళ్లకి ఒక కొలత ఉంది. తిండి, నీళ్లు, ఇంధనం కాక మిగతా సామానంతా 10 పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు మించకూడదు. అవ్వకి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు.

కుచేలుడి తెలివి

స్నేహితుడికి కానుకగా కుచేలుడు అటుకులే ఎందుకు కట్టుకెళ్లాడు? పేదరికం సరే, కాని ప్రయాణపు లెక్క చూసినా అంతకన్నా మంచి సరుకు లేదు. వండిన అన్నంలో దాదాపు 70 శాతం నీళ్లే. అంటే అన్నం మూటగడితే మూడొంతుల్లో రెండొంతులు పైగా నీళ్లే మోస్తున్నట్టు. అటుకులు ముందే ఉడికి, దంచబడి, ఎండినవి. నీళ్లు ఎక్కడ దొరికితే అక్కడ చల్లుకుంటే చాలు, పొయ్యి అక్కర్లేదు. పేలాలపిండీ అంతే. పులిహోర బరువైనదే, అయినా చింతపండు పులుపు పుణ్యమా అని రెండోపూటకీ పాడవదు గనక దానికి క్షమాపణ ఉంది.

తిరుగు ప్రయాణపు బరువు

ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో కొన్నాళ్లుండి చదువుకున్న చైనా బౌద్ధయాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ 645లో చైనా చేరేటప్పటికి 657 గ్రంథాలు, వాటిని మోసే 20 గుర్రాలు వెంట ఉన్నాయి. దారిలో సింధునది దాటేటప్పుడు ఆయన ఏనుగు మీద దాటాడు, గ్రంథాలు పడవలో వచ్చాయి. గాలికి పడవ ఒరిగి యాభై ప్రతులు, దేశదేశాల పూలవిత్తనాలు నీళ్లపాలయ్యాయి. పోయిన ప్రతుల కోసం మళ్లీ మనుషుల్ని పంపి రాయించుకున్నాడు. ఇంత సామాను మోసినా ఎవరూ తప్పనలేరు. అందులో ఒక్కటీ ‘ఎందుకైనా మంచిది’ అని వేసుకున్నది కాదు. ఆ పూలవిత్తనాలేమిటో తెలుసుకోవాలని మాత్రం నాకు ఇప్పటికీ ఆశ.

జేబే సంచి

అసలు సంచే లేకుండా 28 ఏళ్లు నడిచినామె ఒకరున్నారు. అమెరికాలో మిల్‌డ్రెడ్ నార్మన్. ‘పీస్ పిల్‌గ్రిమ్’ అని తనే పేరు పెట్టుకుంది. 1953 జనవరి 1న మొదలుపెట్టి, 25,000 మైళ్లయ్యాక లెక్కపెట్టడం మానేసింది. ఆమె ఆస్తి పైచొక్కా జేబుల్లో పట్టేది. దువ్వెన, మడిచే టూత్‌బ్రష్, బాల్‌పెన్ను, పంచే కరపత్రాలు, జవాబు రాయాల్సిన ఉత్తరాలు.

మనవాళ్లిద్దరిదీ అలాంటి నడకే. 1962లో సతీశ్‌కుమార్, ఇ.పి.మేనన్ అనే కుర్రాళ్లు అణుబాంబులు వద్దని చెప్పడానికి ఢిల్లీలో గాంధీ సమాధి దగ్గర నడక మొదలుపెట్టారు. మాస్కో, పారిస్, లండన్, వాషింగ్టన్. మన పోచంపల్లిలో 1951లో భూదానోద్యమం మొదలుపెట్టిన వినోబా భావే వాళ్లకిచ్చిన సలహా, చేతిలో పైసా ఉంచుకోవద్దని. వాళ్లు ఉంచుకోలేదు. పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, ఇరాన్ దాటి నల్లసముద్రం దగ్గరికి చేరేసరికి ఒక టీ కర్మాగారం దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కనిపించి, సంగతి విని, కూర్చోబెట్టి టీ ఇచ్చారు. వాళ్లలో ఒకామె లోపలికెళ్లి నాలుగు టీ పొట్లాలు తెచ్చింది. నాలుగు అణుదేశాల పెద్దలకి తలా ఒకటి ఇమ్మంది. బాంబు మీట నొక్కాలనిపిస్తే ఒక్క నిమిషం ఆగి ఈ టీ కాచుకుని తాగమని చెప్పమంది.

జేబులో నాణెం కూడా పెట్టుకోని ఆ ఇద్దరూ అక్కణ్నుంచి ఆ నాలుగు పొట్లాలూ మోసుకుంటూ నడిచారు.